అంబాసిడర్ తాళం మొరాయిస్తే

పాత అంబాసిడర్ షెడ్డుకు వస్తుంది. ఓనరు చెప్పే మాట దాదాపు ప్రతిసారీ ఒకటే. "తాళం తిప్పితే ఒక్కోసారి స్టార్టవుతుంది, ఒక్కోసారి అవ్వదు. రోడ్డు మీద పోతూ పోతూ టక్కున ఆగిపోతుంది. తాళం కాస్త అటూ ఇటూ ఆడిస్తే మళ్లీ అందుకుంటుంది." ఇంకేముంది, ఇగ్నిషన్ స్విచ్ పోయిందని తీర్మానించేసి కుర్రాణ్ణి స్పేర్ పార్టుల షాపుకు పంపుతాం. సాయంత్రానికి కొత్త స్విచ్ బిగిస్తాం, డబ్బులు తీసుకుంటాం. వారం తిరక్కుండా అదే బండి, అదే కంప్లయింటు, ఈసారి ఓనరు గొంతు కాస్త పెద్దది.

పాత బండ్ల మీద పని నేర్చుకుంటున్న ఆటో ఎలక్ట్రీషియన్లకు ఇందులో చెప్పదలచుకున్నది ఒక్కటే. స్విచ్ చెడిందని నిరూపించాకే స్విచ్ కొనండి. నిరూపించడానికి పెద్ద సామాను అక్కర్లేదు. మల్టీమీటరు, 21 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు తీగలు కట్టిన టెస్ట్ ల్యాంపు, ఫ్యూజు పెట్టిన ఒక జంపర్ వైరు ఉంటే చాలు. అంబాసిడర్‌ని ఎంచుకోవడానికి కారణముంది. ఉత్తర్‌పారాలో 2014లో తయారీ ఆగిపోయినా పెళ్లిళ్లకు, షూటింగులకు, ముచ్చటపడి ఉంచుకున్నవాళ్లకు అది ఇంకా తిరుగుతూనే ఉంది. స్కానరు పట్టుకుని పని నేర్చిన కుర్రాళ్లకు స్కానరు గుచ్చే చోటే లేని బండి పాత అంబాసిడర్. అందుకే ఇది తెలిసినవాడికి గిరాకీ. పద్మినీ, స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి వాటిలో వైరింగ్ కొంత వేరైనా ఆలోచించే తీరు మాత్రం ఇదే.

కీ వెనకాల ఏముంది

అంబాసిడర్‌కి మూలం బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్. వైరింగు కూడా ఆ దేశపు లూకాస్ పద్ధతే. మద్రాసు పాడిలో 1961లో మొదలైన లూకాస్ టీవీఎస్ సామాను మనకు బాగా అలవాటే. ఆ పద్ధతిలో తీగ రంగే చాలా కథ చెబుతుంది. గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళం ఉన్నా లేకపోయినా అందులో కరెంటు ఉంటుంది. తాళం తిప్పితే బతికేది తెల్ల తీగ, అది కాయిల్‌కి పోతుంది. తెల్ల తీగ నుంచే ఫ్యూజు దాటి బయటికొచ్చేది ఆకుపచ్చ. తెలుపు మీద ఎర్ర గీత ఉంటే సెల్ఫ్ సోలినాయిడ్‌కి పోయేది.

ఇందులో రెండు విషయాలు బాగా గుర్తుంచుకోవాలి. మొదటిది, కాయిల్‌కి వెళ్లే తెల్ల తీగకు ఫ్యూజు లేదు. కాబట్టి ఫ్యూజులన్నీ బాగున్నాయంటే కాయిల్ దారి బాగుందని కాదు. రెండోది, గోధుమ తీగకూ ఫ్యూజు లేదు. డ్యాష్‌బోర్డు కింద దూరి స్పానర్ తిప్పుతుంటే అది ఆ టెర్మినల్‌కీ బాడీకీ ఒకేసారి తగిలిందా, తీగల కట్ట మొత్తం ఎర్రగా కాలిపోతుంది. స్విచ్ విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ తీగ తీసెయ్యడం ఈ పనిలో మొదటి మెట్టు. అర నిమిషం పని, బద్ధకించకండి.

రంగులు కంపెనీ నుంచి వచ్చిన రోజు మాట. నలభై, యాభై ఏళ్లలో ఎందరు మేస్త్రీలు చేతులు పెట్టారో, షాపులో ఏ రంగు వైరు దొరికితే అది వేసి ఎక్కడెక్కడ టేపు చుట్టారో చెప్పలేం. స్విచ్ దగ్గర తెల్లగా ఉన్న తీగ ఫైర్‌వాల్ దాటేసరికి నల్లగా మారిపోయిన బండ్లు కోకొల్లలు. రంగును సాక్షిగా తీసుకోండి, తీర్పుగా తీసుకోకండి. ఇంకా పాత బండ్లలో తాళం ఇగ్నిషన్‌కే, సెల్ఫ్‌కి వేరే నాబ్ లాగాలి. తాళాన్నే ఇంకాస్త తిప్పి సెల్ఫ్ కొట్టించే పద్ధతిని అమెరికాలో క్రైస్లర్ 1949లో తెచ్చింది, తర్వాత అందరూ అదే దారి పట్టారు. సౌకర్యం పెరిగింది, దాంతోపాటు ఆ చిన్న స్విచ్ మీద భారమూ పెరిగింది.

ఓనర్ని అడగాల్సిన ప్రశ్న

బానెట్ ఎత్తకముందే ఒక ప్రశ్న అడగండి. "ఇంజను ఆగిపోయినప్పుడు దాంతోపాటు ఇంకేం ఆగింది?" చాలామంది ఓనర్లు, డ్రైవర్లు దీనికి వెంటనే జవాబు చెప్పలేరు. మెల్లగా రాబట్టాలి.

"వైపరు తిరుగుతోందా బాబాయ్ అప్పుడు?"

"వాన పడట్లేదురా, నేనెందుకేస్తాను?"

"పోనీ ఇండికేటర్ వేసి పక్కకి తీశావా?"

"వేశాను. టిక్కు టిక్కు మనలేదు. హారన్ మాత్రం మోగింది."

ఈ రెండు మాటలతో సగం పని అయిపోయింది. ఇండికేటరు, వైపరు, పెట్రోలు మీటరు, ఇవన్నీ తాళం దాటి వచ్చే ఆకుపచ్చ తీగ మీద బతుకుతాయి. హారను, హెడ్‌లైట్లు తాళానికి ముందే గోధుమ తీగ మీద బతుకుతాయి. ఇంజనుతో పాటు ఇండికేటరు కూడా చచ్చి హారను మాత్రం మోగిందంటే అపరాధి స్విచ్, లేదా స్విచ్‌కి రెండు వైపులా ఉన్న టెర్మినళ్లు. ఇంజను ఒక్కటే ఆగి ఇండికేటరు మామూలుగా కొట్టుకుందంటే స్విచ్ నిర్దోషి. అప్పుడు తెల్ల తీగ చివరి భాగం, కాయిల్, డెల్కో (డిస్ట్రిబ్యూటర్) వైపు వెతకాలి. హారను, హెడ్‌లైట్లు కూడా పోయాయంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్ పట్టీ, సోలినాయిడ్ దగ్గర గోధుమ తీగ బిగించిన నట్టు చూడాలి.

డ్యాష్‌బోర్డులోని ఎర్ర ఛార్జింగ్ లైటును మాత్రం సాక్షిగా పిలవొద్దు. ఆ బల్బు ఒక కొస తెల్ల తీగకు, మరో కొస డైనమోకు. ఇంజను ఏ కారణంతో ఆగినా డైనమో నెమ్మదించి అది వెలుగుతుంది. తమాషా ఏమిటంటే, బండి గేరులో దొర్లుతుండగా స్విచ్ లోపల కాంటాక్టు తెగితే కూడా వెలుగుతుంది. తెల్ల తీగ ఖాళీ అయిపోయి, డైనమో కరెంటే బల్బు గుండా వెనక్కి కాయిల్ వైపు పరుగెడుతుంది. "ఎర్ర లైటు వెలిగింది, డైనమో పోయిందన్నారు" అని మంచి డైనమో మార్పించుకుని వచ్చే ఓనర్ల వెనకాల ఉండే కథ తరచూ ఇదే. పెట్రోలు మీటరు ముల్లు కూడా అన్ని బండ్లలో ఒకేలా ఉండదు. కొన్నింటిలో వెంటనే పడిపోతుంది, కొన్నింటిలో లోపల వేడెక్కిన లోహపు పట్టీ చల్లారేదాకా మెల్లగా జారుతుంది. వైపరు, ఇండికేటరు నమ్మదగ్గవి. అందుకే సందేహమున్న బండిని టెస్టుకు తీసుకెళ్లేటప్పుడు వాన లేకపోయినా అద్దం మీద నీళ్లు చల్లి వైపరు వేసుకుని నడపండి.

డ్రైవరుకు అప్పుడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ పద్ధతి వైరింగులో బ్రేక్ లైట్లు కూడా ఆకుపచ్చ తీగ మీదే ఉంటాయి. అంటే హైవే మీద స్విచ్ వదిలేసిన క్షణాన ఇంజను ఆగుతుంది, ఇండికేటరు పనిచేయదు, బ్రేకు తొక్కినా వెనకాల లారీవాడికి ఎర్ర లైటు కనబడదు. హెడ్‌లైట్ స్విచ్ లాగితే వెనక చిన్న లైట్లయినా వెలుగుతాయి. చెయ్యి బయట పెట్టి సైగ చేస్తూ ఎడమకు తీయాలి. ఇది తెలిస్తే "ఎప్పుడో ఒకసారి ఆగుతుందిలే, తర్వాత చూద్దాం" అనే ఓనరు కూడా బండి వదిలి వెళతాడు.

మీటరు ఎలా మోసం చేస్తుంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. తాళం ఆన్ చేసి, కాయిల్ ఎస్‌డబ్ల్యూ (తెల్ల తీగ వచ్చే) టెర్మినల్ మీద మీటరు పెడతారు. 12.4 వోల్టులు. "కరెంటు ఫుల్లుగా వస్తోంది, స్విచ్ బాగుంది" అంటారు. లేదా స్విచ్‌ని విప్పి కంటిన్యుటీ చూస్తారు, మీటరు బీప్ అంటుంది, బాగుందంటారు. రెండూ నమ్మదగ్గవి కావు.

మీటరు లాగే కరెంటు దాదాపు సున్నా. ముప్పై పోగుల తీగలో ఇరవై తొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటరుకు చాలు. పాచి పట్టి పూడుకుపోయిన పైపులో కూడా కొళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషరు పూర్తిగానే ఉంటుంది, తిప్పితేనే ధార సన్నమని తెలుస్తుంది. కాబట్టి కరెంటు పారుతుండగా కొలవాలి. ఇంజను ఆగి ఉన్నప్పుడు డెల్కోలో పాయింట్లు తెరుచుకుని ఉన్నాయో మూసుకుని ఉన్నాయో మనకు తెలియదు. తెరుచుకుని ఉంటే కాయిల్ గుండా ఏమీ పారదు, ఎంత చెడ్డ స్విచ్ అయినా 12 వోల్టులు చూపిస్తుంది. అదే బండిని గేరులో వేసి కాస్త ముందుకు నెట్టి కొలిస్తే 10 వోల్టులు. ఉదయం చూసినవాడూ సాయంత్రం చూసినవాడూ పోట్లాడుకునేది అందుకే. ఇద్దరిదీ నిజమే.

చేయాల్సింది ఇది. కాయిల్ సీబీ (డెల్కో వైపు) టెర్మినల్‌ను జంపర్ వైరుతో ఎర్త్ చేయండి. అంటే పాయింట్లు మూసుకున్నట్టే. కాయిల్ మధ్య నుంచి వచ్చే లావు తీగను ఇంజను బ్లాకుకు ఆనించి ఉంచండి, లేకపోతే జంపర్ తీసేటప్పుడు చేతికి మంచి షాకు తగులుతుంది. దగ్గర్లో పెట్రోలు కారుతుంటే ముందు దాని సంగతి చూడండి. ఇప్పుడు తాళం ఆన్ చేసి, మీటరు ఎర్ర కొస బ్యాటరీ ప్లస్ మీద, నల్ల కొస కాయిల్ ఎస్‌డబ్ల్యూ మీద పెట్టండి. మీటరు చూపించేది దారిలో ఎంత వోల్టేజి పోతోందన్నది. అర వోల్టు లోపుంటే దిగుల్లేదు. ఒక వోల్టు దాటితే ఎక్కడో కన్నం ఉంది. మామూలు కాయిల్‌ రెసిస్టెన్సు సుమారు 3 ఓములు, అంటే 4 ఆంపియర్లు పారుతుంటాయి. నిమిషం మించి అలా ఉంచితే కాయిల్ వేడెక్కిపోతుంది, చూసింది రాసుకుని ఆపేయండి.

కన్నం ఎక్కడుందో ముక్కలు చేసి పట్టుకోవాలి. బ్యాటరీ ప్లస్ నుంచి స్విచ్‌కి వచ్చే గోధుమ టెర్మినల్ దాకా ఒక కొలత. గోధుమ టెర్మినల్ నుంచి తెల్ల టెర్మినల్ దాకా, అంటే స్విచ్ పొట్టలో ఎంత పోతోందన్నది ఒక కొలత. తెల్ల టెర్మినల్ నుంచి కాయిల్ దాకా ఒకటి. స్విచ్ ముక్క 0.2 వోల్టు లోపు ఉండాలి. అక్కడ 0.1 వచ్చి గోధుమ ముక్కలో 1.3 వచ్చిందనుకోండి, ఎన్ని కొత్త స్విచ్‌లు మార్చినా ఆ బండి బాగుపడదు. మీటరు కొసను తీగకు కాకుండా టెర్మినల్ లోహానికి ఒకసారి, తీగకు బిగించిన లగ్గుకు ఒకసారి పెట్టి చూడండి. ఆ రెంటి మధ్యే అర వోల్టు పోతున్న సందర్భాలు చాలా ఎదురవుతాయి. వదులైన లగ్గు, పచ్చగా చిలుము పట్టిన రాగి.

కొలుస్తున్నంతసేపూ ఇంకొకరిని తాళం మెల్లగా కదపమనండి. మంచి స్విచ్‌లో అంకె కదలదు. చెడ్డదానిలో 0.1, 0.8, 2.4, మళ్లీ 0.1 అని గెంతుతుంది. ఓనర్ని పిలిచి ఆ గెంతులు చూపించండి. వందమాటలు చెప్పేకన్నా నయం.

ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ వేసిన బండిలో కాయిల్‌ను ఇలా ఎర్త్ చేయొద్దు, మాడ్యూల్ కాలిపోవచ్చు. బదులుగా కాయిల్ తీగ విప్పి దాని కొసకు 21 వాట్ల టెస్ట్ ల్యాంపు తగిలించి కొలవండి. లాగేది రెండు ఆంపియర్లకు లోపే, అయినా స్విచ్ లోపాన్ని బయటపెట్టడానికి అది చాలు. ఇంకో మాట. బ్రిటన్ నుంచి వచ్చిన పాత బండ్లలో చాలావాటికి ప్లస్సే ఎర్త్. మీటరు కొసలు పెట్టే ముందు బ్యాటరీ ఏ తీగ బాడీకి పోయిందో ఒకసారి చూసుకోండి.

స్విచ్ వేషం వేసుకున్న దొంగలు

తాళం ఆడిస్తే బండి అందుకుందంటే స్విచ్ మీదే అనుమానం పోతుంది, సహజం. కానీ తాళం ఆడించేటప్పుడు డ్యాష్‌బోర్డు వెనక తీగల కట్ట మొత్తం కదులుతుంది. ఆ కట్టలో ఎక్కడ లూజ్ కాంటాక్టున్నా దానికీ ఊపు తగులుతుంది.

మన బండ్లలో ఈ దొంగల్లో పెద్దవాడు రహస్య కట్ స్విచ్. దొంగతనం భయంతో ఏనాడో ఏ ఓనరో స్టీరింగ్ కింద, సీటు పక్కన, గ్లవ్ బాక్సు లోపల ఒక చిన్న టాగుల్ స్విచ్ పెట్టించి ఉంటాడు. తెల్ల తీగను కట్ చేసి రెండు ముక్కలు మెలిపెట్టి నల్ల టేపు చుట్టి ఉంటారు. బండి ముగ్గురు ఓనర్ల చేతులు మారేసరికి అది ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండదు. టేపు జిగురు ఎండలకు కరిగి జారిపోతుంది, మెలిక వదులవుతుంది, రెండు రూపాయల స్విచ్ లోపల కాంటాక్టు నల్లబడుతుంది. స్విచ్ నుంచి కాయిల్ దాకా తెల్ల తీగను చేత్తో తడుముతూ వెళ్లండి. ఎక్కడ టేపు ముద్ద తగిలితే అక్కడ ఆగండి. ఓనరు ఒప్పుకుంటే దాన్ని తీసేసి ఒకే నిడివి తీగ వేయండి. ఉంచాలంటే సోల్డరింగ్ చేసి ష్రింక్ స్లీవు తొడగండి.

రెండోవాడు డెల్కో లోపల ఉంటాడు. పాయింట్లకు పోయే చిన్న మెత్తటి తీగ వాక్యూమ్ అడ్వాన్సుతో పాటు రోజంతా అటూ ఇటూ ఊగుతుంది. పైన కోటింగు బాగానే ఉంటుంది, లోపల రాగి తెగి ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడో వదిలినప్పుడో మాత్రమే ఇంజను కట్ అవుతుందంటే దాన్ని లాగి చూడండి, రబ్బరులా సాగితే లోపల తెగినట్టే. బేస్ ప్లేటు ఎర్త్ తీగ కూడా అంతే.

కాయిల్, కండెన్సర్ వేడెక్కాక మొరాయిస్తాయి. చల్లారితే మళ్లీ మామూలే. ఎండాకాలంలో పెట్రోలు ఏసీ పంపులోనే ఆవిరై లాక్ అవుతుంది, దాని మీద తడిగుడ్డ వేస్తే నయమవుతుంది. కానీ ఆగే తీరులో తేడా ఉంది. పెట్రోలు అందకపోతే ఇంజను దగ్గుతుంది, ఊగుతుంది, లాగలేక లాగలేక ఆగుతుంది. కరెంటు తెగితే దగ్గూ లేదు, ముందస్తు సూచనా లేదు. ఎవరో తాళం తీసేసినట్టు ఠక్కున ఆగుతుంది.

అన్నీ చూశాక కూడా తేలకపోతే జంపర్ పరీక్ష. బ్యాటరీ ప్లస్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు గుండా ఒక తీగ నేరుగా కాయిల్ ఎస్‌డబ్ల్యూకి వేసి బండి నడిపి చూడండి. జబ్బు మాయమైతే స్విచ్ వైపు, మాయం కాకపోతే కాయిల్, డెల్కో, పెట్రోలు వైపు. ఆ తీగ ఉన్నంతసేపూ తాళంతో ఇంజను ఆగదు, తీగ పీకాలి. బ్యాలస్ట్ రెసిస్టర్ ఉన్న బండిలో ఎక్కువసేపు ఉంచితే కాయిల్ మాడిపోతుంది. ఇది పరీక్షకే. "ఇలాగే ఉంచేయ్, నడుస్తోందిగా" అనే ఓనర్లుంటారు. ఒప్పుకోవద్దు.

తాళం, బ్యారెల్, తాళాల గుత్తి

స్విచ్ అంటే రెండు భాగాలు. ముందు తాళం దూరే బ్యారెల్, వెనక కరెంటు కాంటాక్టుల బ్లాక్. రెంటి జబ్బులూ వేరు. తాళం సగం తిప్పిన చోట పట్టుకుపోవడం, ఆన్‌లో ఉండగానే తాళం ఊడి చేతిలోకి రావడం బ్యారెల్ అరుగుదల. సెల్ఫ్ కొడుతున్నంతసేపు ఇంజను పేలి, తాళం వదలగానే చచ్చిపోతే వెనక బ్లాకులో రన్ కాంటాక్టు పోయినట్టు, లేదా బ్యాలస్ట్ రెసిస్టర్ తెగినట్టు. సెల్ఫ్ కొట్టి వదిలినా తాళం వెనక్కి రాకపోతే స్ప్రింగు అలిసిపోయింది. దీన్ని ఆ రోజే బాగుచేయాలి. సెల్ఫ్ మోటార్ ఇంజనుతో పాటు తిరుగుతూ కాలిపోతుంది.

తాళానికి వేలాడే గుత్తిని చూడండి. ఇంటి తాళాలు, బీరువా తాళాలు, ఇత్తడి దేవుడి బొమ్మ. గుంతల రోడ్డు మీద ఆ బరువు ఊగుతూ బ్యారెల్‌ను అరగదీస్తుంది. అమెరికాలో జనరల్ మోటర్స్ ఉదంతం ఈ విషయంలో పెద్ద పాఠం. తాళాన్ని రన్ స్థానంలో పట్టి ఉంచాల్సిన చిన్న స్ప్రింగు, ప్లంజరు బలహీనంగా ఉండటంతో గుత్తి బరువుకో, మోకాలు తగిలో తాళం జారిపోయి ఇంజను ఆగేది, ఎయిర్‌బ్యాగులు విచ్చుకునేవి కావు. 2014లో 26 లక్షల దాకా కార్లను వెనక్కి పిలిచారు. నష్టపరిహార నిధి అంగీకరించిన మరణాలు 124. ఆ భాగాన్ని కంపెనీ అంతకుముందే మార్చింది గానీ పార్టు నంబరు మార్చలేదు, దాంతో ఏ బండిలో ఏ స్విచ్ ఉందో తేల్చడమే పరిశోధకులకు కష్టమైంది. షెడ్డులో మనం పార్టు మార్చినప్పుడు ఏది తీశాం, ఏది వేశాం అని జాబ్ కార్డు మీద ఒక ముక్క రాయడం ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

బ్యారెల్ బిగుసుకుంటే ఇంజను ఆయిలు పోయకండి. దుమ్ము పట్టి నెల తిరిగేసరికి జిగురైపోతుంది. చిటికెడు గ్రాఫైట్ పొడి చాలు. అది కూడా తాళం సందులోకే, వెనక బ్లాకులోకి పోనివ్వొద్దు. గ్రాఫైట్ కరెంటును పంపిస్తుంది.

విప్పడం, బాగుచేయడం

విప్పే ముందు ఫోనుతో ఫొటో తీసుకోండి, ప్రతి తీగకూ కాగితం ముక్క చుట్టి నంబరు వేయండి. కొన్ని లూకాస్ స్విచ్‌లకు పక్కన గుండుసూది దూరేంత చిల్లు ఉంటుంది. తాళం పెట్టి తిప్పి, సన్నటి తీగతో ఆ చిల్లులోని పిన్ను నొక్కితే బ్యారెల్ ఊడివస్తుంది. దాంతో బ్లాకు మార్చినా పాత తాళమే పనికొస్తుంది, ఓనరుకు తలుపులకొకటి, ఇంజనుకొకటి అని రెండు తాళాలు మోసే బాధ ఉండదు.

బ్లాకు అంచున మడిచిన రేకు చెవులు ఎత్తితే తెరుచుకుంటుంది. ఈ పని ఒక పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి చేయండి. లోపల బియ్యపు గింజంత గోలీ, దాని కింద స్ప్రింగు ఉంటాయి. మూత లేవగానే అవి ఎగిరి పడతాయి, షెడ్డు నేల మీద పడితే మళ్లీ దొరకవు. రాగి వంతెన మీద నల్లటి మచ్చ, చిన్న గుంట కనబడితే అదే దోషం. 800 నంబరు ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఎండిపోయిన పాత గ్రీజు తుడిచి, కొత్తది అద్దినట్టుగా రాయండి. టెర్మినల్ రివెట్లు వదులైతే సుత్తితో చిన్నగా తట్టి బిగించవచ్చు. బేకలైటు మాడి బొగ్గైపోతే మాత్రం దాచుకోవద్దు. ఆ బొగ్గు గుండానే కరెంటు పాకుతుంది.

నా అభిప్రాయం చెప్పాలంటే, బాడుగకు తిరిగే బండికి కొత్త స్విచ్ వేయండి, ముచ్చటకు ఉంచుకున్న బండికి పాతదాన్నే బాగుచేయండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికే వింటేజ్ గుర్తింపు. చిన్న స్విచ్ మారిస్తే అది పోదు గానీ, డ్యాష్‌బోర్డుకు కొత్త చిల్లు పొడిచి పుష్ బటన్ పెట్టేస్తే ఓనరు మిమ్మల్ని జన్మలో క్షమించడు.

కొత్త స్విచ్ ఎక్కడ కొన్నా, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించినా, డబ్బా మీద పేరు చూసి నమ్మకండి. బల్ల మీదే బ్యాటరీ, 21 వాట్ల బల్బు కలిపి స్విచ్‌లో ఎంత వోల్టేజి పోతోందో కొలవండి. తాళాన్ని ఇరవైసార్లు తిప్పి మళ్లీ కొలవండి. వెనక టెర్మినళ్ల అంకెలు పాతదానితో సరిపోతాయనుకోవద్దు. ఏ స్థానంలో ఏది కలుస్తుందో మీటరుతో తేల్చుకున్నాకే తీగలు తగిలించండి.

అసలు ఎందుకు కాలింది

స్విచ్ మార్చి ఊరుకుంటే మళ్లీ కాలుతుంది. పాత స్విచ్ మీద కాయిల్, వైపరు, మీటర్లు, ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు తప్ప ఏమీ ఉండకూడదు. మనవాళ్లు తెల్ల తీగ మీదే ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాను, మ్యూజిక్ సిస్టమ్, ఫోను ఛార్జరు అన్నీ తగిలిస్తారు. కాంటాక్టులో 0.1 ఓము రెసిస్టెన్సు ఉందనుకుందాం. 4 ఆంపియర్లు పారితే అక్కడ పుట్టే వేడి 1.6 వాట్లు. 20 ఆంపియర్లు పారితే 40 వాట్లు. కరెంటు అయిదింతలైతే వేడి ఇరవై అయిదింతలు. సోల్డరింగ్ ఐరన్‌ను స్విచ్ లోపల పెట్టినట్టే లెక్క. టెస్ట్ డ్రైవ్ అయ్యాక బండి ఆపి, బ్యాటరీ ఎర్త్ తీసి, స్విచ్ వెనకాల వేలితో ముట్టుకోండి. గోరువెచ్చన పరవాలేదు, చెయ్యి వెనక్కి లాక్కునేంత వేడి ఉంటే లోడు ఎక్కువైనట్టు.

అదనపు లోడులన్నిటినీ రిలే మీదికి మార్చండి. నాలుగు కాళ్ల మామూలు 12 వోల్టుల రిలే చాలు. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు గుండా తీగ, 87 నుంచి లోడుకు, 86కి స్విచ్ తెల్ల తీగ, 85 ఎర్త్. ఇక స్విచ్ మీద పడేది రిలే కాయిల్ లాగే అయిదో వంతు ఆంపియరు కన్నా తక్కువే. పాత సెల్ఫ్ తీసి గేరున్న కొత్త రకం సెల్ఫ్ వేసిన బండ్లలో సోలినాయిడ్ ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, దానికీ రిలే తప్పనిసరి. ఇగ్నిషన్ కాయిల్‌ను మాత్రం రిలే మీదికి మార్చమని నేను చెప్పను. ఆ 4 ఆంపియర్లు మోయడానికే ఈ స్విచ్ పుట్టింది. మధ్యలో ఇంకో భాగం పెడితే రోడ్డు మీద చెడడానికి ఇంకో భాగం తయారైనట్టే.

డబ్బు సంగతి

ఈ పనిలో ఇరుక్కునేది ఇక్కడే. మూడు గంటలు వెతికి వదులైన లగ్గు ఒక్కటి బిగిస్తే, "ఒక లగ్గుకి ఇంత డబ్బా?" అంటాడు ఓనరు. అందుకే బండి దించుకునేటప్పుడే చెప్పండి. వెతకడానికి ఇంత, దొరికాక బాగుచేయడానికి పని, సామాను ఖర్చు వేరు. వెతుకులాట కూలీ ముందే మాట్లాడుకున్నాక స్విచ్ అంటగట్టాల్సిన అవసరం మీకూ ఉండదు. ముందు కొలిచిన వోల్టేజి, బాగయ్యాక కొలిచిన వోల్టేజి రెండూ జాబ్ కార్డు మీద రాయండి. 1.6 ఉన్నది 0.3 అయ్యిందని చూపిస్తే బేరం సగం తగ్గుతుంది.

తీసేసిన పాత స్విచ్‌ను కాగితంలో చుట్టి ఓనరు చేతికివ్వండి, వద్దంటేనే మీ డబ్బాలో వేసుకోండి. ఆ డబ్బాలోని గోలీలు, స్ప్రింగులు, రేకు చెవులు రేపు ఇంకో అంబాసిడర్ వచ్చినప్పుడు ఏ షాపులోనూ దొరకని సామాను.